మౌంగ్ తిన్ ఉరఫ్ జోగారావు

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు
22 జనవరి 1969

అప్పా,

నీకూ బావకూ నమస్కారాలు. నేను కులాసా అని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను.

ముందు పని మాట. రంగూన్ కోర్టుల్లో పన్నెండేళ్ళు వాదించినవాడైనా సరే, ఇక్కడ నల్లకోటు తొడగాలంటే మళ్ళీ పరీక్ష రాయాలట. ఏప్రిల్‌లో పరీక్ష. నలభై ఆరేళ్ళవాణ్ణి, మీసాలు సరిగా రానివాళ్ళ పక్కన కూర్చుని సాక్ష్య చట్టం వల్లిస్తున్నాను. ఆ చట్టం మనకేం కొత్త కాదు, తెల్లవాడు రెండు దేశాలకూ ఒకటే రాసిపోయాడు. ఇక్కడి రాజ్యాంగం, భూమి చట్టాలే కొత్త.

అయితే పరీక్షకు కూర్చోనివ్వాలంటే ఒక కాగితం కావాలి. మన తెలుగువాళ్ళు చాలామంది చేసినట్టే నాన్న నన్ను బళ్ళో వేసినప్పుడు మౌంగ్ తిన్ అని బర్మా పేరు రాయించాడు గదా. నా పట్టాలూ, కోర్టులో వాదించే సన్నదూ అన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి. ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రం జోగారావు. ఆఫీసు గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి "ఈయనెవరు, మీరెవరు?" అని అడిగాడు. ఇద్దరూ ఒకడేననీ, పన్నెండేళ్ళు మచ్చ లేకుండా పని చేశాడనీ రంగూన్ కోర్టు ముద్రతో రాయించి తెమ్మన్నాడు. ఆ పని నువ్వు తప్ప చేసేవాళ్ళు లేరు.

గది బాగానే ఉంది. ఇంటాయన మత్తయి, కంటి దవాఖానాలో వార్డు పని. భార్య ఎస్తేరమ్మ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులు. దిగిన రోజునే ఆమె "మీరు ముల్కీనా, గైర్ ముల్కీనా సారూ?" అని అడిగింది. ముల్కీ అంటే ఈ గడ్డ మీదివాడు. కోస్తావాళ్ళు దొంగ కాగితాలతో తమ ఉద్యోగాలు పట్టుకుపోయారని ఊరంతా ఇప్పుడు అదే గొడవ. నేను బర్మావాణ్ణన్నాను. ఆమె వెంటనే "గట్లయితే మీరు దేంట్లా రారు" అంది. నా కేసు ఇంత చప్పున తేల్చిన జడ్జిని నేను చూడలేదు.

బావ కళ్ళ సంగతి మత్తయికి చెప్పాను. "తీస్కరాండ్రి సారూ. డాక్టర్ సాబ్ నాకెరుకే. ఒక్క పూటల పొర తీస్తడు" అన్నాడు. నువ్వు దేశం వదిలే ఫారం పెట్టేసెయ్. నా సన్నదు రాగానే పెద్ద గది చూస్తాను.

నీ తమ్ముడు
జోగులు


రంగూన్
3 మార్చి 1969

జోగులూ,

దీవెనలు. నీ ఉత్తరం ఇరవై ఎనిమిది రోజులకు చేరింది, కవరు చింపి మళ్ళీ అంటించి ఉంది. మనకంటే ముందు చదివే ఆ పుణ్యాత్ములకు ఈపాటికి తెలుగు బాగా వచ్చేసి ఉంటుంది. అందుకని అన్నీ రాయను, రాసినంతే అర్థం చేసుకో.

కోర్టుకు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి తాళం, రెండోసారి మీటింగు, మూడోసారి మనిషి దొరికాడు. నీ దగ్గర జూనియరుగా తిరిగినవాడే, ఇప్పుడు రికార్డుల గదికి పెద్ద. నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టు కూర్చున్నాడు. లాయరు కాగితం లాయరుకే ఇస్తాం, ఆయనే స్వయంగా రావాలి అన్నాడు. ఆయన్ని ఓడ ఎక్కించింది మీరే కదా నాయనా అన్నాను. బతికున్నవాడి కాగితం ఇంకొకరికి ఇచ్చే రూలు లేదని పుస్తకం మూసేశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగినా పెట్టేటట్టు లేరు. మళ్ళీ వెళతాను.

ఫారం పెట్టాను. డిసెంబరు ఓడకు పేర్లు రాస్తున్నారు. "ఇండియాలో మిమ్మల్ని పోషించేవారు" అన్న గడిలో నీ పేరు, వృత్తి అన్న చోట లాయరు అని రాశాను. అది అబద్ధం కాదు, కాస్త తొందరపాటు.

బావకు కుడి కన్ను పూర్తిగా పొర కమ్మింది. ఎడమ కంటితో నా ముఖం కనిపిస్తోందంటాడు, కానీ నిన్న నేననుకుని పక్కింటావిడను కాఫీ అడిగాడు. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. రేడియోలో ఆ ఊరి గొడవ విని "మనం ఆంధ్రావాళ్ళమేనా?" అని అడిగాడు. శ్రీకాకుళం వదిలి మూడు తరాలయింది, ఆ లెక్కేమిటో లాయరువు నువ్వే చెప్పాలి.

ఒంటరిగా ఉన్నావు, పస్తులుండకు. చదువు పేరు చెప్పి తిండి మానేసే అలవాటు నీకు పుట్టుకతో ఉంది.

నీ అప్ప
శేషారత్నం


దిల్‌సుఖ్‌నగర్
14 ఏప్రిల్ 1969

అప్పా,

పరీక్ష వాయిదా పడింది. పరీక్ష పెట్టాల్సిన కాలేజీకి ఈ గొడవల వల్ల జనవరి నుంచీ తాళమే. గేటు దగ్గర ఒక పోలీసు, ఒక కుక్క ఉన్నాయి. ఎప్పుడు పెడతారని ఇద్దరినీ అడిగాను. చదివింది మరిచిపోకుండా ఉండాలని రోజూ రెండు సెక్షన్లు ఎస్తేరమ్మకు అప్పజెబుతున్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ "అవ్, గది న్యాయమే" అనో, "గదేం న్యాయం సారూ" అనో తీర్పు చెబుతుంది.

నీకు చెప్పని సంగతి ఒకటి. పొట్టకు పట్టాభిగారి ద్రాక్షతోటలో గుమాస్తాగా ఉంటున్నాను. ఇక్కడికి రెండు మైళ్ళు, బెజవాడ రోడ్డు మీద. ఇప్పుడిప్పుడే దాన్ని ఎల్.బి. నగర్ అంటున్నారు, నగరం మాత్రం ఇంకా రాలేదు, తోటలూ రాళ్ళే ఉన్నాయి. ఆయన భీమవరం మనిషి. గొడవలు మొదలైనప్పటి నుంచీ రోడ్డున పోయే ప్రతి లారీకేసీ చూస్తున్నాడు. మంచాలూ బీరువాలూ ఎక్కించుకుని కొన్ని కుటుంబాలు బెజవాడ వైపు వెళ్ళిపోతున్నాయి. రంగూన్ రేవులో దేశం వదిలిపోయే మనవాళ్ళను చూసినట్టే ఉంది. తేడా ఒకటే, ఇక్కడ తరిమేవాళ్ళూ తెలుగే, పోయేవాళ్ళూ తెలుగే.

మత్తయికి కూడా కోపం ఉంది, అది వట్టి కోపం కాదు. పదకొండేళ్ళు వార్డులో చేశాక పై ఉద్యోగం వస్తుందనుకుంటే, దొంగ ముల్కీ కాగితం పెట్టినవాడొకడు వచ్చి కూర్చున్నాడట. "మనిషి మంచోడే సారూ. గా కాయితమే దొంగది" అన్నాడు.

అందుకని చెబుతున్నాను అప్పా, మీరు ఇప్పుడే రావద్దు. కాగితం రావాలి, పరీక్ష కావాలి, ఆ తర్వాతే. కాగితం సంగతి కాస్త గట్టిగా చూడు.

జోగులు


రంగూన్
2 జూన్ 1969

చిరంజీవి జోగారావుకు,

రావద్దన్న ఉత్తరం అందింది. బావకు ఆ ముక్క చదివి వినిపించలేదు, తమ్ముడు కులాసా, పరీక్ష వాయిదా అని మాత్రం చెప్పాను. ఆయన "మనం బరువనుకుంటున్నాడా?" అన్నాడు. కళ్ళు పోయినవాడికి చెవులు ఎక్కువవుతాయని తెలియక నా గొంతు దాచుకోలేదు.

కాగితం లేకపోతే సన్నదు లేదు, సన్నదు లేకపోతే గది లేదు, గది లేకపోతే మేము రాకూడదు. అంతే కదా నువ్వు రాసింది. సరే. కాగితం అయింది. మే పంతొమ్మిదిన కోర్టు ముద్ర వేసి ఇచ్చారు. ఎలా ఇచ్చారని అడగకు. మన వీధి దశరథ ఈ నెల ఓడకు వస్తున్నాడు, అతని చేతికి ఇచ్చాను. రేవులో సోదా చేస్తారని చెప్పుల అట్టలో పెట్టి కుట్టించుకున్నాడు. వాసన వస్తే ఏమీ అనుకోకు.

పరీక్షకు ముందు రోజు తలంటుకో.

శేషారత్నం


దిల్‌సుఖ్‌నగర్
20 జూలై 1969

అప్పా,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. మద్రాసు నుంచి ఓడలో పోతున్న మనవాడొకడి చేత పంపుతున్నాను, అందుకే దాచకుండా రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. రావద్దన్నది మీరు బరువని కాదు. ఇక్కడికి వచ్చి మళ్ళీ మూట కట్టాల్సి వస్తుందేమోనన్న భయం. అది రాయడానికి చేతకాక లాయరులా రాశాను. బావ కాళ్ళకు దండం పెట్టానని చెప్పు.

కాగితం చేరింది. కళ్ళకద్దుకుని చదివాను. రెండు పేర్లూ ఒకడివేనని ఉంది, పన్నెండేళ్ళూ ఉన్నాయి, మచ్చలేదనీ ఉంది. అడుగున ఇంకొక వాక్యం ఉంది: "పైన చెప్పిన న్యాయవాది మరణించినందున, అతని సోదరి ప్రమాణం చేసి కోరగా ఈ పత్రం ఆమెకు ఇవ్వడమైనది." రెండుసార్లు చదివి మంచం మీద కూర్చున్నాను. బతికున్నవాడి కాగితం ఇంకొకరికి ఇవ్వరని నువ్వు మార్చిలోనే రాశావు, నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. నీకు కోపం వచ్చిందనుకున్నాను గానీ, ఇంత పని చేస్తావనుకోలేదు.

ఎస్తేరమ్మకు చెబితే "సచ్చినోనికి పరీక్ష ఎట్ల పెడ్తరు సారూ?" అంది.

పెడుతున్నారు అప్పా. కాగితం అంతా బర్మాలో ఉంది కదా, ఆఫీసులో ఆ లిపి చదివేవాడు లేడు. "మీరే ఇంగ్లీషులోకి మార్చి సంతకం పెట్టి ఇవ్వండి" అన్నారు. బల్ల ముందు కూర్చుని మార్చాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి దొంగ కాగితం మీద మత్తయి అన్న మాట గుర్తొచ్చింది. అయినా ఆ వాక్యం వదిలేశాను. పన్నెండేళ్ళలో ఒక్కసారీ చేయని పని అది. ప్రాణం ఉసూరుమంది. గుమాస్తా ముద్ర వేశాడు. డిసెంబరులో పరీక్ష, జాబితాలో నా పేరు ఎక్కింది.

పట్టాభిగారు పోయిన నెల తోటకు తాళం వేసి కుటుంబంతో వెళ్ళిపోయారు. కొలువు పోయింది. బస్సులు లేని రోజుల్లో మూసారాంబాగ్ మీదుగా కోర్టు దాకా నడిచి వెళ్ళి, చెట్టు కింద అర్జీలు రాస్తున్నాను. లాయర్లు దాటిపోతుంటారు. నేను తల వంచుకుని రాసుకుంటుంటాను.

మీరు డిసెంబరు ఓడకు వచ్చేయండి. సన్నదు ఉన్నా లేకపోయినా రండి.

జోగులు


రంగూన్
15 సెప్టెంబరు 1969

జోగులూ,

దీవెనలు. మనిషి చేత పంపిన ఉత్తరం ముట్టింది. బావకు ఈసారి మొత్తం చదివి వినిపించాను. దండం పెట్టావన్న చోట మళ్ళీ చదవమన్నాడు. నాకు పంపడానికి మనిషి దొరకలేదు, ఇది తపాలాలో వస్తోంది. జాగ్రత్తగా చదువు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి మా ఫారం తిరిగొచ్చింది. పోషించేవారు అన్న గడి మీద ఎర్ర సిరాతో గీత పెట్టారు. ఆ పేరు గల మనిషి ఒక ఆఫీసులో లేడని ఇంకొక ఆఫీసుకు తెలిసిందట. ఈ దేశంలో రెండు ఆఫీసులు మాట్లాడుకోవడం నేను ఇదే మొదటిసారి చూడడం. వేరే బంధువు పేరు ఉంటే రాయమన్నారు. మనకెవరున్నారు?

నువ్వు కంగారుపడి ఏ కాగితమూ పంపకు. ఒక్క ముక్క కూడా పంపవద్దు. ఎందుకని అడగకు. నువ్వు పరీక్ష రాయి. మేము ఇంకొక ఓడ చూసుకుంటాం, ఎదురుచూడడం మాకేం కొత్త కాదు. మళ్ళీ చెబుతున్నాను, ఏ కాగితమూ వద్దు.

బావ ఎడమ కన్ను కూడా మసకేస్తోంది. నన్ను ఇప్పుడు గాజుల చప్పుడుతో గుర్తుపడుతున్నాడు. అందుకని రెండు గాజులు ఎక్కువ వేసుకుంటున్నాను, ఈ వయసులో సింగారమేమిటని పక్కింటావిడ నవ్వుతోంది.

అప్ప


దిల్‌సుఖ్‌నగర్
28 అక్టోబరు 1969

అప్పా,

ఎందుకని అడగకన్నావు. అడగక్కర్లేదు. నా పరీక్ష కోసం నీ ఓడ వదులుకుంటున్నావు. చిన్నప్పుడు నీ గ్లాసులో పాలు నా గ్లాసులో పోసి, నాకు పాలు పడవమ్మా అని అమ్మతో చెప్పేదానివి. ఆ అబద్ధం ఇప్పుడు చెల్లదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే పరీక్ష ఆఫీసుకు పోయాను. పై అధికారిని అడిగి లోపలికి వెళ్ళి, వదిలేసిన వాక్యంతో సహా అసలు తర్జుమా ఆయన ముందు పెట్టాను. పెద్దాయన దాన్ని చదివి కళ్ళజోడు తీశాడు. "ఈ ముక్క మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు గదండీ" అన్నాడు. తెలిసినవాణ్ణి నేనొకణ్ణి ఉన్నానన్నాను. కేసు పెట్టను గానీ పేరు తీసేయక తప్పదని, నా ఎదుటే జాబితాలో గీత కొట్టాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. పది నెలలు చదివిందంతా ఒక గీతతో పోయింది.

ఇంటికి వచ్చి మత్తయికి మొత్తం చెప్పాను. అన్నం పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత "గిది ముందుగాల్నే చెప్తే అయిపోవు గద సారూ. మీరు సుత గదే పని జేస్తిరి" అన్నాడు. మళ్ళీ తనే "జర ఇప్పుడేం జెయ్యాల్నో చెప్పుండ్రి" అన్నాడు.

చేయాల్సింది చేశాం. మౌంగ్ తిన్, జోగారావు ఒకడేననీ, వాడు బతికే ఉన్నాడనీ మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేశాను. సాక్షులు మత్తయి, ఎస్తేరమ్మ. గుమాస్తా ఆమెను "ఈయన బతికున్నాడని నీకెట్లా తెలుసమ్మా?" అని ఆటపట్టించాడు. "దినాం మా ఇంట్ల చారు తాగుతడు. గంతకంటె ఏం సాక్ష్యం గావాలె?" అని వేలిముద్ర వేసింది. ఈ సంవత్సరంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ కాగితం రంగూన్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకే నేరుగా రిజిస్టరు తపాలాలో పంపాను, నీ చేతికి పంపితే దాచేస్తావని. పోషించేవాడు బతికే ఉన్నాడు, కాబట్టి వాళ్ళు ఇక అడ్డు చెప్పలేరు. వాదన గట్టిగా ఉంది. నేను గెలుస్తానని తెలిసిన కేసు ఇదొక్కటే.

వచ్చేయండి అప్పా. ఎస్తేరమ్మ వెనక వసారాకు తడికె కట్టిస్తోంది. మత్తయి డాక్టరుతో మాట్లాడి ఉంచాడు. జనవరిలో బావ నీ గాజులు చూస్తాడు.

జోగులు


రంగూన్
9 డిసెంబరు 1969

నా తండ్రీ జోగులూ,

ఈ ఉత్తరం ఎవరు చింపి చదివినా ఫరవాలేదు. ఇందులో ఉన్నది వాళ్ళకు తెలియనిది కాదు.

నీ కాగితం నవంబరు ఇరవై నాలుగున చేరింది. ఆఫీసుకు పిలిచారు. నేనూ బావా వెళ్ళాం. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. మీ తమ్ముడు బతికున్నట్టు రుజువైంది, సంతోషం అన్నాడు. తర్వాత ఇంకొక కాగితం తీసి పక్కన పెట్టాడు. అది మే పంతొమ్మిదిన నేను పెట్టిన సంతకం. "అయితే ఇది ఎవరు చేసిన ప్రమాణం?" అని అడిగాడు.

ఏ కాగితమూ పంపకు అన్నది అందుకు, జోగులూ. నీ పరీక్ష కోసం కాదు, త్యాగమూ కాదు. భయం. నువ్వు చచ్చావన్నంతవరకూ నేను ఏడుస్తున్న అప్పను. నువ్వు బతికున్నావని ముద్ర పడిన రోజున కోర్టులో అబద్ధపు ప్రమాణం చేసినదాన్ని. తపాలాలో ఆ మాట రాస్తే వాళ్ళ చేతికి నేనే ఇచ్చినట్టు కదా. రెండుసార్లు వద్దన్నాను, నీకు అర్థమవుతుందనుకున్నాను. సాక్ష్య చట్టం అప్పజెప్పేవాడివి, పన్నెండేళ్ళు కోర్టులో నిలబడ్డవాడివి, ఇది నీకెందుకు తట్టలేదు? రాత్రీ పగలూ అదే అడుక్కుంటున్నాను. పాల గ్లాసు అడ్డొచ్చి ఉంటుంది.

నిన్ను తిట్టడానికి రాయలేదు. చంపింది నేను, బతికించుకున్నది నువ్వు. ఇందులో ఎవరి తప్పు ఎక్కువో నాకు తేలడం లేదు.

ఫారం కొట్టేశారు. మా గుర్తింపు పుస్తకాలు తీసుకున్నారు. కేసు తేలేదాకా ఊరు దాటకూడదు, ప్రతి బుధవారం వెళ్ళి సంతకం పెట్టాలి. అది ఏళ్ళు పట్టవచ్చునని ఆ పాత జూనియరే మా గడప దగ్గర నిలబడి గొణిగాడు. అతని ఉద్యోగానికీ ముప్పు వచ్చింది పాపం, నా వల్లే. ఓడ నాలుగో తారీకున వెళ్ళిపోయింది. బావ రేవు దాకా వెళదామన్నాడు. వెళ్ళాం. ఎటు పోతోంది, ఎంత దూరం పోయింది అని అడుగుతుంటే చెబుతూ నిలబడ్డాను. ఆయనకు ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తున్నాయి. మత్తయిగారి డాక్టరు ఎదురుచూడనక్కర్లేదని చెప్పు. ఎస్తేరమ్మగారికి నా నమస్కారం, తడికె విప్పవద్దని చెప్పు, ఎవరికైనా పనికొస్తుంది.

కేసుకు లాయర్ని పెట్టుకొమ్మన్నారు. ఎవరైనా తెలుసా అని అధికారి అడిగాడు. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడన్నాను. ఈ కోర్టు పుస్తకంలో వాణ్ణి చచ్చినవాడిగా కొట్టేశారు, ఆ ఊరి పుస్తకంలో ఇంకా పుట్టనే లేదు.

రేపు బుధవారం. పొద్దున్నే సంతకానికి పోవాలి. నువ్వు వేళకు తిను.

నీ అప్ప
శేషారత్నం